సన్నటి కూత

ఎండలు ముదిరే యాళ్లకు స్వరూప పాట కట్టుడు అయిపోయింది. నా భార్య మంచిగ పాడుతదని హుస్సేనీ ఆలంల మా గల్లీకంత తెలుసు. కాని తనే మాటలు అల్లి, తనే రాగం కట్టుకున్న పాట అదే మొదటిది. బోనాల పాట. "మబ్బు జూసి పొయ్యి రాజేస్తి తల్లీ, మసలుతున్నది నీ పాలబువ్వ" అని ఎత్తుకుంటది. వంటింట్ల ఆ ఒక్క లైన్ పాడంగనే మా బిడ్డ స్రవ్య చదువుతున్న పుస్తకం మూసేసి వచ్చి గడప మీద కూసున్నది. ఆషాఢం రాకముందే ఇంట్లనే రికార్డు చేసి యూట్యూబ్‌ల పెట్టాలని ఆడికాడనే తేలిపోయింది.

రికార్డింగ్ నా పని. బరాత్‌లల్ల, పెండ్లి ఆర్కెస్ట్రాలల్ల ప్యాడ్లు వాయించుకుంట, పెద్ద పెద్ద స్పీకర్ల పక్కనే నా వయసంత గడిచింది. ఇప్పుడు వాయించుడు తగ్గి, ఫంక్షన్లకు సౌండ్ సిస్టమ్ కిరాయికిస్తున్న. వేణుగోపాల్ చెవిల పడితే తప్పు దొరకాల్సిందే అని నా గురించి మా బ్యాండోళ్లు అంటుండె. ఆ మాట అందరికన్న ఎక్కువ నేనే నమ్మిన.

మేము ఉండేది మీది అంతస్తుల. కింద అన్వర్ భాయ్ దుకాణం. ఫ్యాన్లు, కూలర్లు, నీళ్ల మోటార్లు కాలిపోతే రాగి తీగ తీసి మళ్ల చుట్టి ఇస్తడు. దుకాణం వెనక గదుల్ల ఆయన, ఆయన భార్య సురయ్యా ఉంటుండ్రి. ఇంటి ఓనర్ విశ్వేశ్వర్ శేట్, బట్టల హోల్‌సేల్ వ్యాపారం. మేమూ అన్వర్ భాయోళ్లూ ఇంచుమించు ఒక్కసారే ఆ ఇంట్లకు కిరాయికి దిగినం. స్రవ్య పుట్టేనాడు నేను వరంగల్‌ల పెండ్లి పార్టీల ఉంటే, స్వరూపను ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయింది సురయ్యానే.

చిన్న గదిల గోడలకు పాత బొంతలు వేలాడదీసి, మైకు నిలబెట్టి, మొదటి రోజు పాడించిన. విని చూస్తే పాట వెనక "గుయ్" మని మోత. ఆ మోత ఏందో నాకు ఎరుకే. కంప్యూటర్ ప్లగ్గుకు మూడో పిన్ను ఉన్నది గాని, గోడల ఎర్త్ వైరు ఎన్నడో తెగిపోయి ఉన్నది. వైరు కలిపినంక మోత కోసేసినట్టు ఆగింది. స్రవ్య సప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం నేను గల్లీల నడుస్తుంటే కాళ్లు భూమి మీద ఆనలే.

మర్నాడు కిటికీలు మూసి, ఫ్యాన్ బంద్ చేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్న. గుయ్ మనే మోత లేదు. దాని జాగల ఇంకోటి ఉన్నది. సన్నటి కూత. దోమ చెవి కాడికి వచ్చి ఆడనే ఆగిపోయినట్టు, ఎక్కదు దిగదు, ఒకటే తీరు.

"సౌండ్ కార్డు ఖరాబ్ అయింది" అన్న.

ఆ నాటి సంది అదే పని. కార్డు డ్రైవర్ తీసేసి మళ్ల ఎక్కించిన. డబ్బా విప్పి కార్డును ఒక స్లాట్ల నుంచి ఇంకో స్లాట్‌కు మార్చిన. మైకు వైరు మార్చిన, ప్లగ్గు మార్చిన. సెట్టింగులల్ల ఏమేం ఉన్నయో అన్నీ ఒక్కొక్కటి దించి ఎక్కించిన. ఆఖరికి కోఠికి పోయి, కంప్యూటర్ బయట పెట్టే కొత్త సౌండ్ కార్డు తెచ్చిన. ఒక్కొక్క మార్పుకు స్వరూప మైకు ముందటికొచ్చి మళ్ల పాడాలె. ఫ్యాన్ లేని గదిల, మే నెల మధ్యాహ్నం, కొంగుతోని మెడ తుడుచుకుంట పాడేది. ఒక రోజైతే ఎంత బాగ పాడిందంటే, పాట అయిపోయినంక స్రవ్య కండ్లు తుడుచుకున్నది. నేను హెడ్‌ఫోన్ల విన్న. కూత ఉన్నది. డిలీట్ కొట్టిన.

"ఉండనీ డాడీ, ఇంత మంచిగ మళ్ల రాదు" అన్నది స్రవ్య. కంప్యూటర్ తెర మీద పాట గీత చూపించింది. అమ్మ ఊపిరి తీసుకునే కాడ గీత సదరంగ, దారం గుంజినట్టు ఉన్నది. కూత ఉంటే ఆడ వంకర్లు కనపడాలె గద అన్నది.

తెర అన్నీ చూపించదు, చెవి పట్టుకున్నది తెర పట్టుకోదు అని చెప్పిన. స్టేజీ ఎక్కనోళ్లకు గివి అర్థం గావని గూడ అన్న. స్రవ్య తరువాత ఆ మాట ఎత్తలే.

స్వరూపను గూడ వినమన్న. మొదట్ల తనకు ఏం వస్తలేదన్నది. హెడ్‌ఫోన్లు సరిగ పెట్టుకో అన్న, కండ్లు మూసుకొని విను అన్న. రోజూ అడిగిన. అడిగి అడిగి, వస్తలేదంటే నేను మొకం మాడ్చుకుంటుంటే, చివరకు ఒకనాడు ఆమె "ఆఁ, కొంచెం వస్తున్నట్టే ఉన్నది" అన్నది. నాకు ఎంత నిమ్మళమైందో. నేను ఒక్కన్నే కాదు, ఇంకొకరు విన్నరు.

అన్వర్ భాయ్ మోటార్ల మీద నా అనుమానం పడ్డది ఎట్లంటే, ఒకనాడు స్వరూప చరణం మధ్యల ఉండంగ కింద ఆయన ఏదో మోటార్ ఆన్ చేసిండు. రికార్డింగ్‌ల "టప్" మని పడ్డది. అది నిజమే, తెర మీద గూడ ముల్లు లెక్క కనపడ్డది. ఇగ నాకు దారి దొరికింది అనుకున్న. కింద లైను, మీద లైను ఒక్కటే. ఆ టప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూత గూడ ఆడి నుంచే వస్తున్నదని గట్టిగ అనుకున్న.

కిందికి దిగి చెప్పిన. అన్వర్ భాయ్ చేతుల రాగి తీగ చుట్ట ఉండె. రికార్డింగ్ అయ్యేదాక మధ్యాహ్నాలు మోటార్లు నడిపించి చూడకుండ ఆపమని అడిగిన. ఎండకాలం ఆయనకు పని మీద పని. కూలర్ కాలిపోయినోళ్లు పొద్దున తెచ్చి సాయంత్రానికే కావాలంటరు. అయినా సరే అన్నడు. "చెల్లె పాడుతుంటే మేము గూడ వింటున్నం భాయ్. సురయ్యాకు సగం పాట వచ్చేసింది" అని నవ్విండు.

మధ్యాహ్నాలు కింద సప్పుడు బంద్ అయింది. కూత పోలే.

అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలే. నడిపించకున్నా, ప్లగ్గుల పెట్టి ఉంచుతున్నడేమో అనుకున్న. పోయి చూసిన. ఇంకోనాడు మెయిన్ బంద్ చేయమని అడిగిన. బంద్ చేసిండు, నేను మీదికి వచ్చేసరికి ఎవరో గిరాకీ తొందర పెడితే మళ్ల ఏసిండు. నేను మెట్లు దిగి పోయి, గిరాకీల ముందటనే, నీకు మాట అంటే లెక్క లేదా అన్న. ఆయన చెయ్యి పైకి లేపి మెయిన్ బంద్ చేసి, ఎండల గిరాకీతోని పాటు నిలబడ్డడు.

విశ్వేశ్వర్ శేట్ ఆ వారంలనే ఇంటికొచ్చిండు. బోనాల పాట సంగతి ఆయన చెవిల గూడ పడ్డది. ఎంతవరకు వచ్చిందని అడిగితే నేను కూత సంగతి మొత్తం చెప్పుకచ్చిన. చెప్పేటప్పుడు నాకు చాడీ చెబుతున్నట్టు లేకుండె. రోగం చెప్పుకున్నట్టే ఉండె. ఆయన చాయ్ తాగుకుంట విన్నడు. స్వరూప దిక్కు తిరిగి అడిగిండు.

"ఏమ్మా, నీకు గూడ వినవస్తుందా?"

స్వరూప నా దిక్కు చూసింది. "వస్తది" అన్నది.

శేట్ కప్పు కింద పెట్టి, మెల్లగ అన్నడు. "మన ఇల్లు, మన అమ్మవారి పాట. దానికి గాళ్లను బతిమాలుకునుడు ఏంది?"

ఆ మాట అట్ల కాదు శేట్ అని నేను అనాలె. అన్వర్ భాయ్ పాటకు అడ్డం పడే మనిషి కాదని, కింద కూసోని సగం పాట నేర్చుకున్నరని చెప్పాలె. నోటి దాక వచ్చింది. కాని శేట్ నా తరఫున మాట్లాడుతున్నడు, నా కూత ఉన్నదని ఒప్పుకున్నడు. నేను తల వంచుకొని ఖాళీ కప్పు అందుకున్న.

శేట్‌కు కింద దుకాణం షట్టర్ మీద ఎప్పటి సందో కన్ను ఉన్నది. అల్లునికి ఫోన్ల దుకాణం పెట్టియ్యాలని చూస్తున్నడు. ఇంత పాత కిరాయిదారును ఏమని లేపాలెనో తెల్వక ఆగిండు. నేను చెప్పింది ఆయనకు అక్కరకొచ్చింది. మీదోళ్లకు ఇబ్బంది అయితున్నది, ఆడిపిల్ల చదువు, పూజలు, పాటలు, ఖాళీ చెయ్యుండ్రి అని అన్వర్ భాయ్‌తోని చెప్పిండంట. ఇది నాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం, కింద సామాను కడుతున్నరని స్రవ్య వచ్చి చెప్పేదాక నేను కార్డు ముందటనే కూసోని ఉన్న.

పోయేనాడు అన్వర్ భాయ్ మీదికి వచ్చిండు. ట్రాలీ ఆటోల వైండింగ్ మిషను, పాత మోటార్లు, బీరువా, గిన్నెల మూట ఎక్కిచ్చిండ్రు. కిషన్‌బాగ్ దిక్కు రూము దొరికిందని చెప్పిండు. గడప లోపలికి రాలే.

"మీకు ఇన్ని రోజులు తక్లీఫ్ అయింది వేణు భాయ్, మాఫ్ చెయ్యి. పాట మంచిగ రావాలె" అన్నడు.

నేను అయ్యో గట్లెందుకు భాయ్ అని ఏదో గొణిగిన. సురయ్యా ఆటో పక్కన నిలబడి ఉన్నది. మీదికి చూస్తున్నదో లేదో బురఖాల తెలువలే. స్వరూప వంటింట్ల గిన్నెలు తోముతున్నది. తోమినయే మళ్ల తోముతున్నది. అన్వర్ భాయ్ "చెల్లెకు చెప్పు" అని మెట్లు దిగి పోయిండు.

వాళ్లు పోయిన మర్నాడే రికార్డింగ్ పెడదామన్న. గొంతు బాగలేదన్నది స్వరూప. మరుసటి రోజు గూడ అదే మాట. నేను ఒక్కన్నే కూసోని సెట్టింగులు చూసుకుంట ఉన్న. కూత ఉన్నది. కొత్త కార్డు గూడ ఖరాబుదే ఇచ్చిండ్రేమో, వాపస్ ఇయ్యాలె అనుకుంటున్న.

మృగశిర ముందట ఒక సాయంత్రం గాలి దుమారం లేచింది. కిటికీలు గట్టిగ మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, పాత టేక్ ఒకటి వింటున్న. కరెంటు పోయింది. తెర నల్లగైంది. గల్లీల కూలర్లు, ఫ్యాన్లు, కిరాణా కొట్టు ఫ్రిజ్జు అన్నీ ఒక్కసారే ఆగినయి. గాలి గూడ ఎందుకో ఆ పొద్దు కొంచెం సేపు నిలబడ్డది.

కూత ఉన్నది.

కార్డు మీద దీపం గూడ లేదు. అయినా వైరు పిన్ను పట్టి గుంజిన. పిన్ను నా చేతుల ఉన్నది, కూత ఉన్నది. హెడ్‌ఫోన్లు తీసేసి రెండు అరచేతులు చెవుల మీద పెట్టుకున్న. ఇంకా సాఫ్‌గ వినవచ్చింది.

అట్లనే కూసున్న. స్వరూప ఫోన్ లైటు పట్టుకొని గది తలుపు తీసింది. చీకట్ల ఏం చేస్తున్నవని అడిగింది.

"నీకు వినవస్తుందా?" అన్న.

"ఏంది?"

"గదే."

ఆమె గది లోపలికి వచ్చింది. లైటు నేల మీదికి దించింది. "నాకు ఎన్నడూ వినరాలే" అన్నది. "నువ్వు గోసపడుతుంటే చూడలేక అన్న. శేట్ అడిగినప్పుడు గూడ, నువ్వు నా దిక్కు చూస్తున్నవని అన్న."

అక్కడనే గోడకు ఆనుకొని కూసున్నది. నేను ఆమెను తిట్టలే, ఆమె నన్ను తిట్టలే. కింద షట్టర్ వేసి ఉన్నది. ఇద్దరం ఆ సంగతే తలుచుకుంటున్నమని ఇద్దరికీ తెలుసు. ఆ పేరు మాత్రం ఎవ్వరం ఎత్తలే.

చెవి డాక్టర్ కాడికి స్రవ్య తీస్కపోయింది. అద్దాల గదిల కూసోబెట్టి, ఒక్కొక్క సౌండ్ వినిపించి, వినపడితే చెయ్యి లేపమన్నరు. స్రవ్య అద్దం అవతల నిలబడ్డది. నా చెయ్యి లేవని కాడ మొకం పక్కకు తిప్పుకున్నది. సన్నటి సౌండ్లు రెండు చెవులకూ బాగ పోయినయన్నడు డాక్టర్. స్పీకర్ల కాడ అన్నేండ్లు నిలబడితే గంతే అన్నడు. పోయిన సౌండ్ల జాగల తలకాయ తనే కూత పుట్టించుకుంటదంట. మొదట్ల ఊరి సప్పుళ్లల్ల తెలువదంట, చెవులు మూసుకొని కూసుంటేనే తెలుస్తదంట, మనసు దాని మీద పడ్డంక సప్పుళ్లల్ల గూడ ఇడువదంట. దీనికి మందు లేదు, అలవాటు చేసుకోవాలె అన్నడు. ఎన్ని రోజుల సంది ఉన్నదని అడిగితే, జవాబు స్రవ్యనే చెప్పింది.

చెవి పోయిందన్న బాధ నాకు ఆ రోజు రాలే. వస్తే బాగుండు, దాని చాటున దాక్కుందును. డాక్టర్ చెబుతున్నంతసేపు నాకు కండ్ల ముందట ఎండల నిలబడ్డ అన్వర్ భాయే ఉన్నడు.

పాట కాలే. మంచి టేకులన్నీ నేనే పీకేసిన. మళ్ల పాడమని నేను అడగలే, పాడుతనని ఆమె అనలే. ఆషాఢం వచ్చి, మైకులల్ల ఎవరెవరి పాటలో మోగినయి. బోనం ఎత్తుకున్ననాడు స్వరూప దారిపొడుగున నోరు విప్పలే. కింద షట్టర్‌కు కొత్త బోర్డు పడ్డది. శేట్ అల్లుడు అద్దాల వెనక ఫోన్ కవర్లు వేలాడదీసిండు. నేను మెట్లు దిగితే నమస్తే అంకుల్ అంటడు. నేను చెయ్యి లేపి పోత.

బోనాలు అయినంక, ఒక ఆదివారం స్వరూప చీర మార్చుకొని వచ్చి, కిషన్‌బాగ్ పోదాం లే అన్నది.

అడుగుకుంట అడుగుకుంట పోయినం. దుకాణం మెయిన్ రోడ్డు మీద లేదు, రెండు మూలలు తిరిగి లోపల ఉన్నది. ఆడికి గిరాకీ ఎట్ల వస్తదో నాకు తెలువలే. బోర్డు గూడ లేదు. ఒక పాత ఫ్యాన్ రెక్క మీద పేరు రాసి వేలాడదీసిండు. అన్వర్ భాయ్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డడు. ఉన్న ఒక్క స్టూల్ స్వరూపకు జరిపిండు.

"పాట వచ్చిందా చెల్లె? నేను ఫోన్ల దేవులాడిన, దొరకలే" అన్నడు.

స్వరూప స్టూల్ మీద కూసోలే. లోపలి గది గడప కాడ సురయ్యా వచ్చి నిలబడ్డది.

నేను చెప్పిన. కరెంటు పోయిన సంగతి, పిన్ను గుంజిన సంగతి, డాక్టర్ చెప్పిన మాట. నీ మోటార్ల ఏం లేకుండె భాయ్, నా చెవులల్లనే ఉండె అని చెప్పిన. దారి పొడుగున మనసుల కూర్చుకున్న మాటలు ఒక్కటి గూడ రాలే.

అన్వర్ భాయ్ గుడ్డతోని చేతులు తుడుచుకున్నడు. తుడిచిన చేతులనే మళ్ల తుడిచిండు.

"శేట్ చెప్పిండు గద, మేము పోయినంక సౌండ్ సాఫ్ అయిందని" అన్నడు. "పోనీ తియ్, మా వల్ల ఒక మంచి పని ఆగకుండ అయింది అనుకున్నం."

శేట్‌తోని మాట్లాడుత, ఇంకో షట్టర్ ఏదన్న చూడమంట అని ఏదో అనబోయిన. ఆయన చెయ్యి అడ్డం ఊపిండు. "నక్కో భాయ్. ఇంకోసారి సామాను మోసుడు నాతోని గాదు." కొంచెం ఆగి, చెవి నొస్తదా అని అడిగిండు. నొయ్యదని చెప్పిన. అచ్ఛా, అన్నడు.

గడప కాడ స్వరూప మెల్లగ అన్నది. "నాకు ఏం వినపడకున్నా వినపడ్డదని చెప్పిన సురయ్యా. శేట్ ముందట చెప్పిన."

"నాకు ఎరుకే" అన్నది సురయ్యా. "పోయేనాడు నువ్వు కిందికి దిగలే గద."

ఆమె కోపంగ అనలే. లోపలికి పోయి రెండు గ్లాసులల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేము తాగినం. చాయ్ తాగి పొమ్మని ఎవ్వరూ అనలే, మేమూ కదలలే.

అంతల ఒకాయన బోరు మోటార్ కోసం వచ్చిండు. వైండింగ్ అయిపోయింది, నడిపించి చూపించమన్నడు. అన్వర్ భాయ్ మోటార్‌ను బండ మీదికి జరిపి, వైర్లు తగిలించిండు. స్విచ్ మీద చెయ్యి పెట్టబోయి ఆగి, గల్లీలకు దిగి, మీది అంతస్తు కిటికీ దిక్కు మొకం ఎత్తిండు.

"అమ్మా, మోటార్ చాలూ చేస్తున్న."

పైనుంచి ఒక ముసలామె గొంతు వచ్చింది. "చెయ్యవయ్యా అన్వర్. రోజూ అడుగుతవేంది?"

అయినా ఆయన ఇంకొంచెం సేపు, ఇంకెవరన్న ఏమన్న అంటరేమో అన్నట్టు ఆ కిటికీలన్నీ చూసి, అప్పుడు లోపలికి వచ్చి స్విచ్ ఏసిండు.

మోటార్ లేచింది. బండ అదిరింది, నా కాళ్ల కింద నేల అదిరింది. ఆ మోతల నా చెవుల కూత మునిగి మాయమైపోయింది. కరెంటు పోయిన ఆ సాయంత్రం సంది నాకు చిక్కిన మొదటి నిమ్మళం అది. కండ్లు మూసుకున్న. ఇంకొంచెం సేపు నడవనీ భాయ్ అని అడగబుద్ధైంది. ఏ మొకం పెట్టుకొని అడుగుత.

అన్వర్ భాయ్ మోటార్ మీద అరచెయ్యి ఆనించి అదురు చూసిండు. సరిగ్గనే ఉన్నదని గిరాకీకి తల ఊపిండు. ఎవరికో ఇబ్బంది అయితున్నదన్నట్టు, తొందర తొందరగ బంద్ చేసిండు.